కోటు లోపలి వర్షపాతం

ఆ ఏడు ఉప్పరకుంట మండలంలో వాన కుళ్లాయప్ప కోటు లోపల తప్ప ఇంకెక్కడా పడలేదు. జూన్‌లో రావాల్సిన మబ్బులు మండలం పొలిమేర దాకా వచ్చి, మొహం చూపించి, పక్క మండలం మీదుగా తమ దారిన తాము పోయాయి. చెరువు అడుగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కోటు లోపల మాత్రం క్రమం తప్పలేదు. కుళ్లాయప్ప బోడికొండ సగం ఎక్కేసరికి భుజాల దగ్గర మబ్బు కమ్మేది, కొసకి చేరేసరికి వీపు మీద చినుకు మొదలయ్యేది. దిగివచ్చి చేనిలో నాలుగు అడుగులు వేస్తే నడుము చుట్టూ ఓ మోస్తరు వాన కురిసి సాయంత్రానికి తెరిపి ఇచ్చేది. ఉరుములు పెద్దగా ఉండేవి కావు.

కుళ్లాయప్ప బోడికొండ మీది వానకొలత కేంద్రానికి పరిశీలకుడు. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఏడింటికి కొండెక్కి, ఎనిమిదిన్నరకి గరాటు కింది సీసా తీసి, నీళ్లని గాజుగొట్టంలో పోసి, కంటికి సమానంగా పట్టుకుని చూసి, ఎంతుంటే అంత రాసేవాడు. చాలా రోజులు సున్నా రాసేవాడు. ఒక ఏడాది మంచి వానలు పడ్డప్పుడు, కాస్త ఎక్కువ రాస్తే ముంపు సాయం వస్తుందని ఊరి పెద్దలు అడిగారు. గొట్టంలో ఉన్నదే రాస్తానన్నాడు. ఆ రోజు తిట్టుకున్నవాళ్లే తరవాత, మనిషంటే కుళ్లాయప్పలా ఉండాలని పిల్లలకి చెప్పుకున్నారు. ఆయనకి ఆస్తి అంటూ ఉన్నది ఆ మాటా, నాలుగెకరాల చేనూ, ఒక జత ఎద్దులూను.

కోటు సంగతి ఇలా జరిగింది. ఎత్తయిన ప్రదేశాల్లో పనిచేసే సిబ్బందికి రక్షణ దుస్తులు ఇవ్వాలని పైన ఎవరికో తోచింది. మంచుకొండలున్న దేశానికి పోయి చూసివచ్చిన పెద్దలు మూడు పొరల పద్ధతి తెచ్చారు. ఒంటికి ఆనుకుని ఒకటి, వెచ్చదనానికి మధ్యలో ఒకటి, వానా గాలీ ఆపడానికి పైన ఒకటి. బోడికొండ ఎత్తు మూడు వందల అడుగులు. దాని మీద ఇంతవరకు చలికి వణికినవాడు లేడు గానీ, ఎత్తు ఎత్తే కాబట్టి అది జాబితాలో చేరింది. అసలు ఆ దేశంలో ఒంటికి ఆనే పొర చెమటని పట్టి ఉంచకుండా పైకి పంపే గుడ్డతో చేస్తారట. ఇక్కడ చేనేత సంఘానికి పని ఇవ్వాలి కనుక దళసరి నూలు బనీను కుట్టించారు. గొర్రెల పెంపకందార్ల సంఘానికీ పని ఇవ్వాలి కనుక మధ్య పొర కంబళి అయింది. పై పొర నీలం రంగు వానకోటు. దాని మెడ దగ్గర చీటీ కుట్టి ఉంది. చదరపు మీటరుకి రోజుకి ఇరవై వేల గ్రాముల ఆవిరిని బయటికి పంపుతుంది, ఒక్క చుక్క నీటిని లోపలికి రానివ్వదు అని ఆ చీటీ హామీ. రెండో సగం నిజమే.

మొదటి వారం ఆవిరి బయటికి పోయింది కూడా. తరవాత ఉప్పరకుంట దుమ్ము కోటు మీద పట్టి సన్నరంధ్రాలన్నీ పూడ్చేసింది. ఉతికితే మళ్లీ తెరుచుకుంటాయని సుంకమ్మకి, అంటే కుళ్లాయప్ప భార్యకి, చూడగానే తెలిసింది. గుడ్డ గురించి తెలియడానికి ఆమెకి పరదేశం పోవాల్సిన పని లేదు. కానీ కోటుతో వచ్చిన కాగితంలో, ఉతికితే పూత పోతుంది గనక ఉతకరాదు అని రాసి ఉంది. చంకల కింద గాలి ఆడడానికి రెండు జిప్పులు ఉన్నాయి. వాటి మీద లక్కముద్రలు వేసి పంపారు. నీరు చొరదని పరీక్షలో నెగ్గింది ముద్రలతో ఉన్న కోటు కాబట్టి, ముద్రలు తీస్తే అది నెగ్గిన కోటు కాకుండా పోతుంది.

హాజరు ఫోనులో వేయాలి. ఫోను మొదటి రోజు ఆయన్ని కోటుతో, దాని టోపీతో చూసి గుర్తుపెట్టుకుంది. కోటు లేకుండా నిలబడితే ఎవరో అనుకునేది. అందుకని కుళ్లాయప్ప నలభై డిగ్రీల ఎండలో మూడు పొరలూ తొడుక్కుని కొండెక్కేవాడు. ఊరివాళ్లు మొదట నవ్వారు, పది రోజులకి అలవాటుపడ్డారు.

పొరపాటు జూలై మొదటి వారంలో జరిగింది. ఎనిమిదిన్నరకి సీసా తీద్దామని గరాటు మీదికి వంగితే, ఎడమచేతి ముంజేతి దగ్గరనుంచి నీళ్లు జలజలా జారి గరాటులో పడ్డాయి.  ఇంకొకడైతే సీసా వంపేసి సున్నా రాసి దిగిపోయేవాడు. ఈయన గొట్టంలో పోసి చూశాడు. నాలుగు మిల్లీమీటర్లు, పైన రెండు గీతలు. గొట్టంలో ఉన్నదే రాయాలన్న మాట ఇరవై ఆరేళ్లుగా ఒంట్లో ఇంకిపోయింది. నాలుగు పాయింటు రెండు అని రాసి, పక్కన వివరణ గడిలో, ఇది నా చెమట, అని కూడా రాశాడు.

మండలం గణాంకాల అధికారి దస్తగిరి నెమ్మదైన మనిషి. రిటైరు కావడానికి రెండేళ్లుంది, ఆ రెండేళ్లు ఎవరినీ నొప్పించకుండా గడిపేస్తే చాలనుకునే రకం. ఆయన కుళ్లాయప్పని కూర్చోబెట్టి టీ ఇప్పించి, పైకి పంపే ఫారంలో వివరణ గడి ఎప్పుడో తీసేశారని చెప్పాడు. అంకె మాత్రమే పోయింది. పైనుంచి జవాబు కూడా వచ్చేసింది. వాన ఎక్కడ పడితే అక్కడ కొలవాలని నియమం. కోటు లోపల పడినట్టు ఒకసారి నమోదయింది గనక కోటు లోపలి భాగాన్ని ఉపకేంద్రంగా గుర్తించారు. ఉపకేంద్రం సంఖ్య పదిహేడు. ఇకమీదట రోజూ దాని నీటిని గరాటులో వంచి కొలవాలి.

ఇంకో నియమం కూడా ఉందని దస్తగిరి చెప్పాడు. వాన పడుతున్న ప్రాంతంలో సిబ్బంది రక్షణ దుస్తులు విప్పరాదు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే విప్పవచ్చు.

"కోటు ఉండబట్టే గదా సార్ వాన పడేది," అన్నాడు కుళ్లాయప్ప.

"నాకు తెల్సప్పా. వాన పడబట్టే గదా కోటు ఉండేది, అంటాండారు వాళ్లు."

అప్పటినుంచి కుళ్లాయప్ప కోటుతోనే తిన్నాడు, కోటుతోనే పడుకున్నాడు. ఒళ్లంతా నానిన వేళ్ల మాదిరి ముడతలు పడి తెల్లబడింది. బనీను ఎప్పుడు ఆరిందో ఆయనకి గుర్తులేదు. కంబళి నీళ్లు తాగి గంపెడు బరువైంది. కుడి జేబులో నాచు పట్టింది. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది.

ఆగస్టు చివరికి చుట్టుపక్కల మండలాలన్నిటినీ కరువు జాబితాలో చేర్చి, ఊరూరా పశువులకి గడ్డి శిబిరాలు తెరిచారు. ఉప్పరకుంటకి మాత్రం సాధారణ వర్షపాతం అని వచ్చింది. మండలంలో ఆ ఒక్క కేంద్రమే ఉంది, ఆ కేంద్రానికి ఆ ఒక్క కోటే ఉంది. సుంకమ్మ వామిలో గడ్డి అయిపోయి, ఇంటి కప్పు మీది బోద పీకి ఎద్దులకి వేస్తోంది. పెద్దది బసవడు, చిన్నది మైలోడు. రెండింటి డొక్కలూ లోపలికి పోయాయి. ఆమె మొగుణ్ని ఒక్క మాట అనేది కాదు. బోద కట్ట పట్టుకుని కోటు ముందునుంచి నడిచిపోయేది. అది మాటకన్నా ఎక్కువగా తగిలేది.

ఊళ్లో వాళ్లు వచ్చి మామూలుగా అడిగారు. సున్నా రాయమన్నారు. ఎదురింటి ఎర్రిస్వామి, కుళ్లాయప్పకి చిన్నప్పటి జతగాడు, చేతులు పట్టుకుని అడిగాడు. గొట్టంలో నీళ్లు పెట్టుకుని సున్నా ఎట్లా రాసేదని కుళ్లాయప్ప తల వంచుకున్నాడు. ఆయనకి సిగ్గుగా ఉంది. అందరి చేలూ ఎండుతుంటే తన ఒక్కడి ఒంటి మీద వాన పడడం సిగ్గు, ఆ వాన అబద్ధమని తెలిసీ నిజంగా రాయడం ఇంకా సిగ్గు.

దారి దస్తగిరే చూపించాడు. నియమాల పుస్తకంలో ఒక మూల, వరసగా ఇరవై ఒక్క రోజులు చినుకు పడకపోతే ఆ మండలాన్ని కరువు జాబితాలో చేర్చవచ్చు అని ఉంది. గడువు సెప్టెంబరు ముప్పై. అంటే కుళ్లాయప్ప ఇరవై ఒక్క రోజులు చెమట పట్టకుండా ఉంటే చాలు. అబద్ధం రాయక్కర్లేదు. మండలానికి గడ్డి వస్తుంది, ఆయన ఒంటికి గాలి తగులుతుంది.

ముందు కోటు లోపల ఆరాలి. సుంకమ్మ ఆయన రెండు చేతులనీ దండెం మీద వేయించి నీడలో నిలబెట్టింది. మూడు రోజులు అలాగే నిలబడ్డాడు. నాలుగో రోజునుంచి లెక్క మొదలైంది. కొండెక్కితే చెమట పడుతుంది, ఎక్కకపోతే హాజరు పడదు. కాబట్టి నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుపోవాలని ఊరు తీర్మానించింది. మంచం ముందుకోడు ఎర్రిస్వామి పట్టాడు. మిగతా ముగ్గురు రోజుకొకరు మారేవాళ్లు గానీ ఎర్రిస్వామి మారలేదు. సుంకమ్మ వెనకాల నడుస్తూ తాటాకు విసనకర్రతో విసిరేది. ఇంత రాగిగంజి తప్ప ఆయనకి వేరే పెట్టేది కాదు. కారం తగిలితే చెమట పడుతుందని చట్నీ కూడా మానిపించింది.

మోసేవాళ్లకి చెమట ధారలు కట్టేది. అది నేల మీద పడేది, ఆరిపోయేది. వాళ్లకి కోట్లు లేవు గనక అది వర్షపాతం కిందికి రాదు. కొండ కింద ఆగి చూసే పరాయి ఊరి వాళ్లు, ఎవరు పోయారని అడిగేవాళ్లు. పోలేదు, వానని ఆపుతున్నామని వీళ్లు చెప్పేవాళ్లు. అట్లాగా అని వాళ్లు తమ దారిన పోయేవాళ్లు.

మంచం మీద వెల్లకిలా పడుకున్న కుళ్లాయప్పకి ఆ రోజుల్లో ఆకాశం బాగా కనిపించింది. అందులో ఏమీ లేదు. మనుషుల భుజాల మీద పోతున్నందుకు ఆయనకి ఏడుపొచ్చేది. కళ్ల నీళ్లు మెడలోంచి లోపలికి పోతే లెక్కకొస్తాయని గుటక మింగి ఊరుకునేవాడు. సున్నా, సున్నా, సున్నా అని నిజంగా ఉన్నదే రాసుకుంటూ ఇరవై రోజులు గడిచాయి.

ఇరవై ఒకటో రోజు, కొండ ముప్పాతిక ఎక్కాక, ఎర్రిస్వామి మోకాళ్ల మీద కూలబడ్డాడు. మంచం ఒక పక్కకి ఒరిగింది. మనిషి మొహం పాలిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు, పెదాలు బెండు మాదిరి ఎండిపోయాయి. మిగతా ముగ్గురూ కుళ్లాయప్పనే చూశారు. ఆయన దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

"పండుకో... దిగొద్దురా," అన్నాడు ఎర్రిస్వామి. "ఈ పొద్దుతో అయిపోతాది. దిగొద్దు."

కుళ్లాయప్ప దిగాడు. ఎర్రిస్వామిని మంచం మీద పడుకోబెట్టి, ముందుకోడు తాను భుజానికెత్తుకున్నాడు. కొండ కింద పశువుల తొట్టి దాకా పరుగున మోశారు. తొట్టిలో అడుగున ఉన్న నీళ్లు ఎర్రిస్వామి మీద చల్లి, పెదాలు తడిపి, సుంకమ్మ ఒళ్లో తల పెట్టించాడు. ఎర్రిస్వామి కళ్లు తెరిచాడు. అప్పటికి ఎనిమిదింపావు. కుళ్లాయప్ప ఒక్కడే మళ్లీ కొండెక్కాడు. సగంలోనే భుజాల దగ్గర మబ్బు కమ్మింది. కొసకి చేరేసరికి లోపల ఎడతెరిపి లేని వాన.

గరాటు మీదికి వంగి రెండు చేతులూ వంచాడు. గొట్టంలో పోసి కంటికి సమానంగా పట్టుకుని చూశాడు. పదకొండు పాయింటు నాలుగు. గొట్టం పట్టుకునే కిందికి చూశాడు. కింద తొట్టి దగ్గర మంచం, సుంకమ్మ, ఎర్రిస్వామి చిన్నగా కనిపిస్తున్నారు. ఇంకా దూరంగా తన ఇంటి కొట్టం, దాని ముందు రెండు తెల్లటి మచ్చలు. కుళ్లాయప్ప గొట్టం వంచి నీళ్లు బండ మీద పోశాడు. బండ సుయ్యిమంది. ఎక్కడినుంచో ఒక తొండ వచ్చి ఆ తడిని నాకింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆయన లేని సున్నా రాశాడు. ఆ సున్నా మిగతా ఇరవై సున్నాల మాదిరే ఉంది.

కిందికి వచ్చాక సుంకమ్మ ఎదురొచ్చింది. ఆయన మొహం చూసి కొంగుతో మెడ దగ్గర తుడిచింది. ఆ రోజు ఊళ్లో ఆయన్ని మెచ్చుకోనివాడు లేడు. అంత బాధ ఆయన ఎప్పుడూ పడలేదు.

అక్టోబరు మూడున దస్తగిరి తానే ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని, నీళ్లు తాగి, కాగితం తీశాడు కానీ చదవలేదు. ఒక కేంద్రంనుంచి వరసగా ఇరవై ఒక్క సున్నాలు రావడం మామూలు కాదట. కేంద్రం పాడయినట్టు లెక్కించి, ఆ ఇరవై ఒక్క రోజులకీ గత ముప్పై ఏళ్ల సగటు నింపారట. మండలంలో సాధారణ వర్షపాతం. జాబితా మూసేశారు.

కుళ్లాయప్ప ఒక్కటే అడిగాడు.

"కడా రోజు ఎంత ఏసినారు సార్?"

దస్తగిరి కాగితం చూశాడు. "పదకొండు పాయింటు నాలుగు."

కుళ్లాయప్ప తల ఊపాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడి ఊసే లేదు, అబద్ధం ఆడినా సరైన అంకె దానంతట అదే వచ్చి కూర్చుంది. అబద్ధం వృథా అయింది, నిజమూ వృథా అయింది, మధ్యలో ఆయన ఒక్కడు మిగిలాడు.

బసవడూ మైలోడూ ఆ వారమే లారీ ఎక్కారు. చిన్నదాన్ని ఎక్కించడానికి సుంకమ్మే ముందు నడవాల్సి వచ్చింది, ఇంకెవరు పిలిచినా అది కదల్లేదు. లారీ పోయాక ఆమె కొట్టంలో కాసేపు కూర్చుని లేచి, అటక మీంచి విత్తనాల కుండ దించింది. ఎద్దులు లేవు, దుక్కి లేదు, చేనిలో తడి లేదు. వచ్చే ఏటికని దాచిన విత్తనాలు పుచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆమె కుండ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"చెయ్యెత్తయ్యా," అంది. "వాన పడే సోటే ఇత్తుకోవల్ల గదా."

కుళ్లాయప్ప చెయ్యి ఎత్తాడు. ఆమె కోటు అంచు పైకి లేపి, కంబళి దారాలు వేళ్లతో విడదీసి, జానెడుకొకటి చొప్పున వేరుశనగ విత్తనాలు పెట్టుకుంటూ పోయింది. ఎడమ పక్క నాలుగు సాళ్లు, కుడి పక్క మూడు. వీపు మీద ఆమెకి చెయ్యి అందినంత వరకు. ఆరో రోజుకి మొలకలొచ్చాయి.

ఈ సంగతి పైకి పోయింది. వానలు పడిన మండలంలో పంట లేకపోవడమేమిటని పైవాళ్లకి అంతవరకు ఒక చిక్కు ఉండేది. అది తీరిపోయింది. సాధారణ వర్షపాతాన్ని అందరికీ అందుబాటులోకి తేవాలని నిర్ణయించి, మండలంలో ప్రతి పట్టాదారుకీ మూడు పొరలూ పంచారు. ఎర్రిస్వామి వేలిముద్ర వేసి తనది తీసుకున్నాడు. సుంకమ్మది నడుము దగ్గర వదులైతే టాకా వేసుకుంది. దీపావళి దాటేసరికి దారిలో ఎదురుపడిన వాళ్లు, మీ దాంట్లో పడిందా అని ఒకరినొకరు పలకరించుకునేవాళ్లు. పడింది, మంచి పదునైంది అని జవాబు చెప్పుకునేవాళ్లు. చేలు మాత్రం దుమ్ము రేగుతూ ఉండేవి. వాటి సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

వేరుశనగ పువ్వు పూశాక ఊడ దించి నేల లోపల కాసే పంట. కుళ్లాయప్ప ఒంటి మీద కూడా ఊడలు దిగాయి. కంబళి దాటాయి, బనీను దాటాయి. అక్కడినుంచి ఇంకెక్కడికి దిగాయో ఆయన చూసుకోలేదు. ఆయన బాగా చిక్కిపోయాడు. తిన్నది ఒంటికి పట్టడం లేదని సుంకమ్మ అనేది. ఆకు మాత్రం నవనవలాడుతూ ఉంది.

జనవరిలో దస్తగిరి పంటకోత ప్రయోగానికి వచ్చాడు. ప్రతి మండలంలో ఏదో ఒక చోట కొలతకి తాడు కట్టి, అందులో ఉన్నంత పంట పీకి తూకం వేసి, దాన్నిబట్టి మండలం దిగుబడి చెప్పే పద్ధతి అది. ఏ చోటన్నది ఎవరి ఇష్టం కాదు, పైనుంచి వచ్చే అంకెలనిబట్టి ఉంటుంది. అంకెల ప్రకారం ఉపకేంద్రం పదిహేడు, ఎడమ పక్క, నాలుగో పక్కటెముకనుంచి ఏడో దాని వరకు వచ్చింది. దస్తగిరి కూడా ఇప్పుడు నీలం కోటు వేసుకునే ఉన్నాడు. ఆయన ముంజేతి దగ్గరనుంచి నీళ్లు కాగితాల మీద కారుతున్నాయి.

కుళ్లాయప్ప నులకమంచం మీద పడుకుని ఎడమచెయ్యి తల కింద పెట్టుకున్నాడు. దస్తగిరి నాలుగు మూలలా పుల్లలు గుచ్చి తాడు చుట్టాడు. మొదటి మొక్క మొదలు పట్టుకుని ఆగాడు.

"నొప్పి పుడ్తాదేమో కుళ్లాయప్పా."

"పుట్టనీ సార్. కాయ బాగా పట్టినట్టుండాది. తెగనీకుండా ఏరుతో సహా పీకండి, తూకం తగ్గితే మళ్లీ తప్పు లెక్క పోతాది."

దస్తగిరి పీకాడు. పదకొండు మొక్కలు వచ్చాయి. కాయలు దులిపి, అంటుకున్నది తుడిచి, తక్కెడలో వేసి చూశాడు. ఫారంలో దిగుబడి అన్న గడిలో సాధారణం అని రాసి కుళ్లాయప్పకి చూపించాడు. కుళ్లాయప్ప తక్కెడ దగ్గరికి వంగి, ముల్లుని కంటికి సమానంగా పెట్టుకుని చూసి, సరేనని సంతకం పెట్టాడు. పీకిన చోట సుంకమ్మ కంబళి సర్ది, కోటు దించి, మెడ దాకా జిప్పు లాగింది. అప్పటికి ఏడు దాటింది. ఎనిమిదిన్నరకి కొలత ఉంది గనక ఆయన లేచి కొండ దారి పట్టాడు.